పట్టుబడి దాకా ఆగని కార్డు

ఆ ఏడాదంతా షాపులో ఫోను మోగితే మావారు ముందు నా మొహం చూసేవారు. తియ్యనా వద్దా అని అడగడం కాదు అది. నువ్వు తియ్యవా అని బతిమాలడం. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఆ ఫోను జోలికి ఇంకొకర్ని రానిచ్చిన మనిషి కాదు. రెండోసారి మోగేలోపే అందుకుని, అవతల ఎవరో తెలియకుండానే "చెప్పండి, చెప్పండి" అని మర్యాద మొదలుపెట్టేసేవారు. అలాంటిది, బల్ల మీద ఫోను వణుకుతుంటే తను తాడు కొలుస్తున్నట్టు, సంచులు లెక్కపెడుతున్నట్టు నటించేవారు. లెక్కపెట్టిన సంచులే మళ్లీ లెక్కపెట్టడం చూసి నాకు నవ్వొచ్చేది. ఆ వెంటనే భయం వేసేది.

మా షాపు ఏలూరులో, కైకలూరు వెళ్లే రోడ్డు మీద. చేపల చెరువులకు కావలసిన సామాను అమ్ముతాం. వలలు, తాళ్లు, సున్నం, మేత సంచులు. మేత సంచులంటే మామూలు గోనెలు కావు, చిల్లులు పెట్టిన సంచులు. వాటిలో తవుడు నింపి, గెడకు తాడుతో కట్టి చెరువులో వేలాడదీస్తే చేపలు వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటాయి. నేను సైన్సు టీచర్ని. తాడేపల్లిగూడెంలో హైస్కూలు. రోజూ పొద్దున రైలెక్కి వెళ్లి సాయంత్రం రైలెక్కి వస్తాను. ఆదివారాలూ సెలవులూ షాపులో కూర్చుంటాను. నా జీతంతో ఇల్లు నడిచేది, షాపుతో ఆయన నడిచేవారు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఆ షాపు పోతే ఇంకేం మిగులుతుంది? ఆ ఏడాదంతా నా భయం ఇదొక్కటే.

కొల్లేరు చుట్టుపక్కల చెరువు పెట్టినవాడికి చేతిలో డబ్బు ఆడేది ఒక్కసారే. చేపపిల్ల వేసిన తొమ్మిది పది నెలలకు వల లాగి, చేపని ఐసులో పెట్టి లారీ ఎక్కించిన రోజున. దాన్ని పట్టుబడి అంటారు. అంతదాకా అన్నీ పట్టుబడి మీదే. తాడూ, తవుడూ, పిల్లల ఫీజులూ, ఆఖరికి పండక్కి కొన్న బట్టలూ. "పట్టుబడికి ఇచ్చేస్తానండీ షావుకారుగారూ" అని ఎవరైనా అంటే అది సంతకం పెట్టిన కాగితంతో సమానం. మావారు ఒక నోటు పుస్తకంలో రాసుకునేవారు. అదీ తను మర్చిపోతారేమోనని తప్ప అవతలి మనిషి మీద అనుమానంతో కాదు. పట్టుబడి అయిన మర్నాడు లారీ కిరాయి, కూలీలు తేల్చుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, బాకీ కట్టి, కాఫీ తాగి వెళ్లేవారు. చేప దెబ్బతింటే అదీ వచ్చి చెప్పేవారు. వచ్చే పట్టుబడికి సర్దేవారు. మాకున్న ఇబ్బందల్లా, వాళ్లతో పాటు మేమూ పది నెలలు ఆగాల్సి రావడమే.

ఆ ఆగే పని లేకుండా చేస్తామని కార్డులవాళ్లు వచ్చారు. మెడకు టై కట్టుకున్న ఒకాయన మా షాపు ముందు పెద్ద గొడుగు వేయించి బల్ల పెట్టాడు. "మీ రైతులకు మేం కార్డులిస్తామండీ. వాళ్లు మీ దగ్గర మిషను మీద గీకితే రెండు రోజుల్లో మీ ఖాతాలో డబ్బు పడిపోతుంది. వసూలు బాధ మాదండీ, మీది కాదు" అన్నాడు. మావారికి అంతకన్నా ఏం కావాలి? ఆయనకి బాకీ అడగాలంటే నోరు పెగలదు. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చి, మజ్జిగిచ్చి, వాతావరణం గురించి మాట్లాడి పంపించేసే రకం.

కలిదిండి వైపు ఒక ఊరుంది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. ఆ ఊళ్లో సగం మంది మా పాత ఖాతాదారులు. వాళ్లకి పెద్ద దిక్కులాంటి ఒకాయన్ని మేం బాబాయిగారు అని పిలిచేవాళ్లం. బాబాయిగారు ముందు తను కార్డు తీసుకుని, తర్వాత ఊళ్లో చాలామంది చేత తీయించారు. దరఖాస్తులో, మిమ్మల్ని ఎరిగినవారి ఫోన్ నంబరు అని ఒక గడి ఉండేది. అక్కడికి వచ్చేసరికి అందరూ కలం ఆపి మావారి వైపు చూశారు. ఈయన అందరికీ షాపు నంబరే ఇచ్చారు.

"అందరికీనా?" అన్నాను ఆ సాయంత్రం.

"అడిగారే. కాదంటే ఏం బావుంటుంది?"

"బావుండకపోతే పోనీండి!"

మా గోదావరి జిల్లాల మొహమాటానికి మందు లేదు. ఎదుటివాడి మొహం చిన్నబోవడం చూడలేక మన ఇంటికి మనమే నిప్పు పెట్టుకుంటాం. పెట్టుకుని, "వేడిగా ఉందాండీ?" అని వాళ్లనే అడుగుతాం.

ఇక మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు ఒకటి జరిగింది. కార్డుని కూడా వాళ్లు షావుకారు కింద జమకట్టారు. అరువిచ్చాడు కాబట్టి పట్టుబడి దాకా ఆగుతాడు అనుకున్నారు. అది ఎవరూ వాళ్లకు చెప్పలేదు, వాళ్లు ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన విషయమని వాళ్లకి తట్టనే లేదు. మొదటి బిల్లు వచ్చినప్పుడు బాబాయిగారు ఆ కవరు పట్టుకుని ఒక ఆదివారం షాపుకి వచ్చారు.

"టీచరమ్మగారూ, ఇదేంటో చూడండి. చేప ఇంకా వేలంత కూడా లేదండీ. అప్పుడే కట్టమంటున్నాడు."

నెలనెలా కట్టాలండీ అని చెప్పాను. కట్టకపోతే వడ్డీ ఎలా పెరుగుతుందో, కనీస మొత్తం అంటే ఏమిటో, అది కడుతూ పోతే అసలు ఎందుకు తరగదో, బిల్లు వెనక వేసి చూపించాను. ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. విని, "మరి మన చెరువు సంగతి వాళ్లకెవరూ చెప్పలేదాండీ?" అన్నారు.

అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ ప్రశ్న తలుచుకుంటే నవ్వు రాదు. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

బిల్లు ముప్పై రోజులకి, చేప మూడు వందల రోజులకి. మధ్యలో కట్టడానికి డబ్బు ఎక్కడిది? అందుకని ఇంకో కార్డు తీసుకున్నారు. దాన్ని మా షాపులో గీకి, సామాను బదులు నగదు తీసుకుని, మొదటి కార్డుకి కట్టేవారు. తర్వాత నెల మూడో కార్డు. మావారు కార్డు మిషనుకి పడే ఖర్చు మాత్రం పట్టుకుని మిగతాది ఇచ్చేసేవారు. తాడు అమ్మకుండానే తాడు అమ్మినట్టు బిల్లు కొట్టడం అబద్ధం కాదా అని నేను గొడవపడితే, "పట్టుబడి దాకానేనే" అన్నారు. ఆ మాట చివరికి మా ఇంట్లోకి కూడా వచ్చి కూర్చుంది.

అయితే ఆయన్ని ఒక్కర్నే అనడం న్యాయం కాదు. ఆ కొన్ని నెలలూ షాపు కళకళలాడింది. అరువు పుస్తకం తెరవాల్సిన పని లేదు, సాయంత్రానికి ఖాతాలో డబ్బు. కొత్త బోర్డు పెట్టించాం. నేను రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాను. మా రైలు పెట్టెలో సీజన్ టికెట్ టీచర్లందరం ఏ కార్డుకి ఎన్ని పాయింట్లో, ఏ పాయింట్లకి ఏ కుక్కరు వస్తుందో మాట్లాడుకునేవాళ్లం. భీమడోలు వచ్చేలోపు ఒక కుక్కరైనా కొనేసేవాళ్లం.

ఆ ఏడు పట్టుబడికి ముందు ఎవరూ ఊహించనిది జరిగింది. ఎప్పుడూ చేప పెరిగేదాన్ని బట్టి, ధరని బట్టి ఒకళ్ల తర్వాత ఒకళ్లు వల లాగేవారు. ఆసారి అందర్నీ తరిమింది కార్డు. బిల్లులకి భయపడి, ఇంకో రెండు నెలలు పెరగాల్సిన చేపని అందరూ ఒకేసారి పట్టేశారు. అంత చేప ఒకేసారి రోడ్డెక్కేసరికి కొనేవాళ్లు ధర దించేశారు. లారీలు దొరక్క కొందరి చేప గట్టు మీదే మెత్తబడింది. వచ్చిన డబ్బు ఒక కార్డుకి చాలితే రెండోదానికి చాలలేదు. ముందు ఒకరు కట్టడం మానేశారు. ఆ తర్వాత ఎవరు ఎవర్ని చూసి మానేశారో తెలియదు కానీ, రెండు నెలల్లో ఊరు ఊరంతా ఆగిపోయింది. ఆ ఊరే కాదు, చుట్టుపక్కల అన్ని ఊళ్లలోనూ అంతే.

అప్పుడు మోగడం మొదలైంది మా ఫోను. రైతులు నంబర్లు మార్చేసుకున్నా, ఆపేసుకున్నా, దరఖాస్తు మీద ఉన్న మా నంబరు మారలేదు కదా. మొదట్లో కార్డులవాళ్ల తరఫున ఆడపిల్లలు చేసేవారు. "ఫలానా వారు మీకు తెలుసాండీ? కాస్త చెప్తారాండీ?" మావారు "అలాగేనండీ, తప్పకుండానండీ" అనేవారు. తర్వాత మగ గొంతులు. మీరే హామీ ఉన్నారు అన్నారు. హామీ ఏమీ లేదు, తెలుసని మాత్రమే రాశాం అంటే, తెలిసినవాళ్లు ఎక్కడున్నారో తెలియదా అన్నారు. ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆయన్ని ఏకవచనంలో పిలిచి ఎరగరు. ఒకరోజు ఒకడు పిలిచాడు. ఆయన ఫోను పెట్టేసి చాలాసేపు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డారు. ఆ రోజు నుంచే, నేను షాపులో ఉన్నప్పుడల్లా ఫోను నా వంతు అయింది.

ఒక ఆదివారం ఫోను చేసిన అమ్మాయి మాట తీరు విని, "ఏ ఊరమ్మా నీది?" అన్నాను. గొంతు తగ్గించి, "గూడెమేనండీ" అంది. మా తాడేపల్లిగూడెమే. "మా నాన్నగారివీ రెండు కార్డులు ఆగిపోయాయండీ. నా జీతం అంతా అటే పోతోందండీ. ఇక్కడ చెప్పకూడదు, మీరు పెద్దవారని చెప్తున్నాను. ఏవండీ, ఏదో ఒక తేదీ చెప్పండి, రాసుకుంటాను." నేనొక తేదీ చెప్పాను. అది ఉత్త తేదీ అని ఇద్దరికీ తెలుసు. ఆ పూట దాని మీద గడిచిపోయింది.

అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి వచ్చింది. మిషను ఇచ్చిన కంపెనీవాళ్లు మా లెక్కలు చూశారు. తాళ్ల షాపులో అన్నీ ముప్పై వేలు, యాభై వేలు అని చిల్లర లేని అంకెలే. తాడు కొనేవాడు ఎవడైనా సరిగ్గా యాభై వేలకి కొంటాడా? విచారణ తేలేదాకా అని మాకు రావలసిన మూడు లక్షల నలభై వేలు ఆపేశారు. ఆ డబ్బు మావారు రైతుల చేతికి అప్పటికే ఇచ్చేశారు. వలల హోల్‌సేలువాళ్లకి కట్టాల్సిన గడువు నెత్తి మీదుంది. కట్టకపోతే సరుకు రాదు, సరుకు లేకపోతే షాపు లేదు. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని, "తప్పు చేశానే" అన్నారు. నాతో ఆ మాట అనడం అదే మొదటిసారి. తిట్టాలనుకున్నదాన్ని, మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపాను.

నా పేరున ఉద్యోగస్తుల కార్డొకటి ఉంది. దాంతో హోల్‌సేలువాళ్లకి కట్టాను. తర్వాత నెల జీతం, ఉన్న పొదుపు కలిపి ఆ బిల్లు మొత్తం తీర్చేశాను. వచ్చే సరుక్కి మళ్లీ గీకవచ్చు కదా అన్న ధైర్యంతో. తీర్చిన మూడో రోజు మెసేజీ వచ్చింది. రెండు లక్షల పరిమితిని ఇరవై వేలకి తగ్గించారట. ఒక్క రోజు కూడా ఆలస్యం చెయ్యనిదాన్ని. స్టాఫ్‌రూములో ఆ మెసేజీ మళ్లీ మళ్లీ చదువుకున్నాను. తర్వాత పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

సెలవు పెట్టి బ్యాంకుకి వెళ్లాను, షాపు మీద అప్పు అడగడానికి. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, నా కాగితాలన్నీ చూసి, "మీ క్రెడిట్ స్కోరు చాలా బాగుందండీ మేడం" అన్నాడు.

"అయితే ఇస్తారా?"

"ఇవ్వలేమండీ."

"నేనెప్పుడైనా కట్టడం మానానాండీ?"

"మీరు కాదండీ. మీ ఏరియా అండీ. చెరువులకి సంబంధించిన షాపు అనేసరికి కంప్యూటరే వెనక్కి కొట్టేస్తోందండీ. నా చేతిలో లేదు."

"కంప్యూటరుకి మనిషి కనపడడాండీ?" అని గట్టిగానే అన్నాను. పక్క కౌంటర్లో వాళ్లు తిరిగి చూశారు. ఆయన తల వంచుకుని కాగితాలు సర్ది నా చేతికిచ్చాడు. ఇంటికి వచ్చి ఆ ఆఫీసరు గొంతు పెట్టి "మీ ఏరియా అండీ, మీ ఏరియా అండీ" అని నాలుగు రోజులు వెక్కిరించాను. ఒళ్లు మండిపోయింది. పాతికేళ్ల సర్వీసూ, కట్టిన ప్రతి కిస్తీ, నా నడవడి అంతా ఎవడికీ అక్కర్లేదు. నేను ఎక్కడుంటానో అది చాలు వాళ్లకి.

చివరికి పీఎఫ్ లోను పెట్టాను. రిటైరయ్యాక బతకడానికి దాచుకున్నది. డబ్బు మావారి చేతిలో పెట్టేటప్పుడు ఒక షరతు పెట్టాను. "ఇక ఎవరికీ అరువు లేదు. ఆ ఊరివాళ్లకి అసలు సామానే లేదు." ఆయన తలూపారు. ఎదురు చెప్పే స్థితిలో లేరు.

ఈలోపు చుట్టూ ఒక్కొక్కటే ఆగిపోవడం మొదలైంది. కార్డుల్లేవు, మునుపటిలా అరువూ పుట్టదు. కట్టినవాడికీ కట్టనివాడికీ ఒకే సమాధానం. మేత కొనలేక చెరువుల్లో సగం చేపపిల్లే వేశారు, కొందరు నీళ్లు వదిలేశారు. చేప తగ్గేసరికి ఐసు ఫ్యాక్టరీ ఒక పూటే ఆడింది. చేపలు పేర్చే ఆడవాళ్లకి వారంలో రెండు రోజుల పని. వాళ్లకి ఇడ్లీలు అమ్మే మా రోడ్డు చివరి బండి లేచిపోయింది. బండి ఆవిడకీ కార్డుకీ ఏం సంబంధం? ఏమీ లేదు, అయినా ముందు పోయింది ఆవిడే. మా స్కూల్లో చెరువు కాపలావాళ్ల పిల్లలు హాజరు పట్టీలోంచి ఒక్కొక్కరే తగ్గిపోయారు. మా రైలు పెట్టెలో పాయింట్ల కబుర్లు ఆగిపోయాయి. ఎవరి ఫోనైనా మోగితే పెట్టెడు మందిమీ ఎవరి సంచీ వాళ్లం తడుముకునేవాళ్లం. బాబాయిగారు ఊరు వదిలి ఎక్కడో కాపలా పనికి కుదిరారని విన్నాను. ఫోను లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి బాకీ కట్టే మనిషి, మా వీధిలోకి మొహం చూపించలేక ఎటో వెళ్లిపోయారు.

షాపు మాత్రం నిలబడింది. అదే నాకు గొప్పగా ఉండేది. ఆపిన డబ్బులో సగం వదిలారు. గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటే ఒక్క పైసా అరువు పోదని, నా వల్లే షాపు బతికిందని, మావారు వింటుండగానే ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా.

ఒక ఆదివారం పొద్దున ఒకావిడ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, చీర అంచు నిండా దుమ్ము. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చి, "నాలుగు మేత సంచులకి సరిపడా తాడు ఇవ్వండమ్మా" అంది.

"ఏ ఊరండీ?" అన్నాను. మర్యాదగానే అన్నాను.

ఆవిడ ఊరి పేరు చెప్పింది.

"తాడు లేదండీ. స్టాకు రాలేదు."

ఆవిడ తలెత్తి ఒక్కసారి పైకి చూసింది. తాడు చుట్టలు ఆవిడ నెత్తి మీదే కొక్కేలకి వేలాడుతున్నాయి, పన్నెండో పదిహేనో. మళ్లీ నా వైపు చూసింది. కోప్పడలేదు, వాదించలేదు. అప్పుడు గమనించాను, ఆవిడ కుడి చేతిలో మడత పెట్టిన నోట్లున్నాయి. బొడ్లో సంచీ లోంచి ముందే తీసి పట్టుకుని వచ్చింది. ఆ నోట్లు మళ్లీ సంచీలో పెట్టుకుని, ముడి వేసి దోపుకుంది.

"ఫర్వాలేదండీ. పొద్దున్నుంచీ ఇది మూడో షాపండీ" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

పిలవాలనుకున్నాను. ఏమని పిలవను? ఉన్న తాడు లేదని చెప్పి, డబ్బు కనపడగానే ఉందని చెప్పనా? బ్యాంకాయన కనీసం నా కాగితాలు చూశాడు. నేను ఆవిడ మొహమైనా సరిగ్గా చూడలేదు.

వెనక సున్నం బస్తాల దగ్గర నుంచి మావారు వచ్చారు. అంతా విన్నట్టున్నారు. కొక్కెం మీంచి ఒక తాడు చుట్ట తీసి భుజాన వేసుకుని, చెప్పులు కూడా లేకుండా బస్టాపు వైపు గబగబా నడిచారు. ఆ వయసులో ఆయన అంత వేగంగా నడవడం నేను చూడలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. కైకలూరు బస్సు ఒకటి మా ముందు నుంచే వెళ్లిపోయింది.

పావుగంటకి తిరిగి వచ్చారు. తాడు భుజం మీదే ఉంది. దాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించి, కాళ్లకంటిన మట్టి దులుపుకున్నారు.

ఫోను మోగింది. ఆయన నా మొహం చూడలేదు. తనే వెళ్లి తీసి, "చెప్పండి" అన్నారు.